తొక్కుడు మిషను పక్కన

మా దేశానికి సముద్రం లేదు.
ఉండేదట. ముత్తాతల తాతల కాలంలో యుద్ధంలో పోయింది.
ఏటా మార్చిలో దానికోసం ఊరేగింపు చేస్తాం.
ఆ పిల్లలకి నావికుల కాలర్లు కుట్టేది నేనే,
కోచబంబలో, కూరగాయల సంత వెనక సందులో,
పదకొండేళ్ళుగా.

నా దుకాణంలో మాత్రం మూడడుగుల సముద్రం ఉంది.

దాని ఉప్పు బకెట్లలో వస్తుంది,
ఒకప్పుడు మాదైన రేవులో దిగి,
సుంకం కట్టి, లారీ ఎక్కి.
తాళాలు బాగుచేసే సతుర్నీనో నవ్వుతాడు:
"ఉయునిలో కనుచూపు మేర ఉప్పే కదా, దోన్యా,
పార పట్టుకెళ్ళి తెచ్చుకోరాదూ?"
అది ఎండిన సరస్సు ఉప్పయ్యా.
కూరలోకి సరే.
చేపకి అబద్ధం చెప్పలేం,
మొప్పలతో చదివేస్తుంది.

ఆ చేప ఫ్లేమ్ ఏంజెల్.
బొటనవేలంత. మరుగుజ్జు జాతి.
నిప్పుకణిక మీద ఎవరో నల్ల సుద్దతో
నాలుగు నిలువు గీతలు గీసి
కత్తిరించడం మర్చిపోయినట్టుంటుంది.
వెనక రెక్కల కొసలకి ఊదా కలిసిన నీలం అంచు.
అలాంటి పైపింగు నా చేత కాదు.

రోజంతా రాళ్ళు కొరుకుతుంది,
పిచుక గింజలేరినట్టు పాచి ఏరుతుంది.
పగడం జోలికి పోదని ఒట్టేసి అమ్మాడు గ్రోవర్.
పోయింది.
వారానికల్లా పచ్చ పగడం అంచులు
ఎలక కొట్టిన పట్టులా అయ్యాయి.
తిట్టాను. వినలేదు.
చివరికి పగడాన్నే గ్రోవర్‌కి తిరిగిచ్చేశాను.

మరుసటేడు రెండోదాన్ని తెచ్చాను, ఇంకా చిన్నది.
పది రోజులు మధ్యలో గాజు పలక అడ్డం పెట్టి
చూపులు మాత్రం కలవనిచ్చాను.
పలక తీసిన రోజు ఒక రెక్క చిరిగింది.
తర్వాత సర్దుకున్నాయి.
రెండూ ఆడవే అన్నాడు గ్రోవర్.
పెద్దది మెల్లగా మగదయిపోయింది,
ఎవర్నీ అడక్కుండా,
ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండా.

దీపం తగ్గే వేళ
అది ఆడదాని పొట్టని ముక్కుతో నెడుతూ
పైకి, ఇంకా పైకి,
ఒక్క విదిలింపు.
ఇసుక రేణువంత గుడ్లు, పంపు పీల్చేసుకుంటుంది.
మర్నాడు జల్లెడలో ఏమీ ఉండదు.
సాయంత్రం మళ్ళీ మొదలు.

ఫిబ్రవరి వానల్లో ఒక రాత్రి
ఎనిమిదింటికి కరెంటు పోయింది.
కింది ఊళ్ళవాళ్ళు మెట్లెక్కుతూ ఆగిపోయే ఎత్తు మాది,
నీళ్ళలోనూ గాలి తక్కువే.
సతుర్నీనో వచ్చాడు, ఈసారి నవ్వకుండా.
పాత సైకిలు పంపు, తోలు పట్టీ, ఒక సన్నటి గొట్టం
నా తొక్కుడు మిషను చక్రానికి తగిలించాడు.
సూదిలోంచి దారం తీసేశాను.
తొక్కాను.
బుడగలు.
గుడ్డ లేదు, కుట్టు లేదు, ఆ చప్పుడొకటే.
మూడింటికి పిక్క పట్టేస్తే అతను తొక్కాడు,
నేను టార్చి పట్టుకుని రాతి సందులో
మొప్పలు కొట్టుకోవడం లెక్కపెట్టాను,
లెక్క తప్పి మళ్ళీ ఒకటి నుంచి.
ఆరుంపావుకి కరెంటొచ్చింది.
ఇద్దరం ఏమీ అనుకోలేదు.
కోకా ఆకుల టీ తాగి
అతను తాళాల దగ్గరికి వెళ్ళిపోయాడు.

నిన్న విల్మెర్‌ని తీసుకొచ్చింది వాళ్ళమ్మ,
బట్టలు వేసి చూడ్డానికి.
ఏడేళ్ళవాడు, తెల్ల చొక్కా, నీలి కాలరు,
ఊరేగింపులో ముందు వరసట.
నేను గుండుసూదులు వెతుకుతుంటే
వేలు నీళ్ళలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు.
వాళ్ళమ్మ చెయ్యెత్తింది.
వాడు మొహం చిట్లించి
"మనం పోగొట్టుకున్నది ఇదేనా?" అన్నాడు.

ఫ్లేమ్ ఏంజెల్ అద్దం దాకా వచ్చి
వాడి కాలరుని పరీక్షగా చూసి
మళ్ళీ రాయి కొరకడానికి వెళ్ళిపోయింది.

చొక్కా చెయ్యి రెండు వేళ్ళు పొడవుంది.
సూదులు పెదాల మధ్య బిగించి,
"కదలకు," అన్నాను.